ఒక కోడి వంటకము పేరు



నేటి ప్రసంగవిషయమును వినగానే మీలో పెద్దలు కొందరు నవ్వుకొందురని నేనెరుగుదును. పుట్టినది మొదలు కోడిమాంసపు రుచి యెరుగనివాడు, ముప్పది యేండ్లు బడిలో తెలుగు పాఠములు చెప్పి విశ్రాంతి గొన్నవాడు, కోడిని కాల్చు విధానమును గూర్చి మాటలాడ వచ్చెనా యని. నాకు కోడితో పని లేదు. కోడికి పెట్టిన పేరుతోనే పని. నిఘంటువు చేతబట్టినవానికి మడి మైల లేదు. అమరసింహుడు పువ్వుల పేళ్ళు చెప్పిన గ్రంథముననే మద్యమాంసముల పేళ్ళను గూడ చెప్పెను. చిన్ననాడు దానిని వల్లించిన మేము ఆ పేళ్ళు వచ్చినచోట నోరు మూసికొనలేదు. మూసికొన్నచో గురువుగారు ఊరకుండెడివారును కారు.

ఆ పేరు స్పాచ్‌కాక్. ఇది ఇంగ్లీషు మాట. మొదట వంటకమెట్టిదో చెప్పి పిదప మాట జోలికి పోవుదును. కోడిని వీపువైపున వెన్నెముక వెంబడి రెండు ప్రక్కల కోసి, ఆ యెముకను తీసివేయుదురు. అంతట దానిని తాటాకు పుస్తకము విప్పినట్లు రెండు ప్రక్కలకు విప్పి, రొమ్మెముక చిట్లునట్లు అరచేతితో నదిమి, పలకవలె చదును చేయుదురు. దానిని నిప్పులమీది ఇనుప కమ్ములపై పరచి కాల్తురు. ఇట్లేల చేయవలెనన్నచో, నిండుకోడిని కాల్చునపుడు రొమ్ము వేగిరము ఎండిపోవును, తొడలు పచ్చిగా నుండును. పలకవలె పరచిన కోడికి సెగ అన్నివైపుల సమముగా తగిలి తక్కువ కాలములో ఉడుకును. ఈ త్వరయన్న సంగతిని మీరు గుర్తుంచుకొనవలెను. తరువాతి వివాదమంతయు దానిమీదనే నిలిచియున్నది. ఆస్ట్రేలియాలో ఈ మాటకు అర్థము కొంత జరిగినది. అక్కడ చిన్నవయసు కోడినే, అది కోయబడకున్నను, ఈ పేర పిలుచుచున్నారు.

కాక్ అనగా కోడిపుంజు. ఇది బడిపిల్లవానికిని తెలియును. మరి స్పాచ్ అననేమి? ఈనాటి ఇంగ్లీషులో ఆ మాట విడిగా వినబడదు. తల యెవరిదో తెలియుచున్నది గాని మొండెమెవరిదో తెలియని చిక్కు ఇది.

18వ శతాబ్దమున ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గ్రోస్ అను నాతడుండెను. సైన్యమున కాప్టెను పదవి వహించినవాడు, పాత కోటలు, శిథిలాలయములు చూచుటయన్న మిక్కిలి మక్కువ గలవాడు, శరీరము స్థూలము. పండితులు తమ నిఘంటువుల గడప త్రొక్కనీయని మాటలను, అనగా సిపాయిల మాటలు, సంతమాటలు, దొంగల మాటలు మున్నగువానిని ఏరి ఆతడు 1785వ సంవత్సరమున ఒక నిఘంటువు ప్రకటించెను. అందు మన మాట కలదు. ఐర్లండు దేశమున అకస్మాత్తుగా అవసరము పడినపుడు చేయు వంటకమిది యనియు, గూటిలోనో పెరటిలోనో యున్న కోడిని అప్పటికప్పుడు పట్టి చంపి, తోలు తీసి, చీల్చి, నిప్పులపై కాల్తురనియు ఆతడు వివరించెను. పేరు డిస్పాచ్ కాక్ అనుదానికి కుదింపని ఆతని నిర్ణయము. డిస్పాచ్ అను మాటను తపాలా కచేరీలో మీరు వినియే యుందురు. పంపుట, పనిని వేగిరము ముగించుట, ఒక ప్రాణిని చప్పున చంపుట, ఇన్నియు దాని యర్థములే. చప్పున చంపబడి చప్పున వండబడిన కోడికి ఇంతకంటె తగిన పేరేమున్నది? గ్రోసుగారు 1791లో ఐర్లండు రాజధానియైన డబ్లిన్ నగరముననే మరణించిరి.

ఈ వ్యుత్పత్తి నాకు మిక్కిలి నచ్చినది. నచ్చినదనుటలోనే ప్రమాదమున్నదని నేను చాలకాలము గ్రహింపలేదు.

మన నిరుక్తకారుడు యాస్కుడు ఈ విషయమున ఎంత జాగరూకుడో చూడుడు. నామములన్నియు ధాతువులనుండి పుట్టినవే యని శాకటాయనుడనెను. నైరుక్తుల మతమును అదే. గార్గ్యుడు అన్నియు కావనెను. ఆతడు వేసిన ప్రశ్న చాల గట్టిది. మార్గమును వ్యాపించును గనుక గుఱ్ఱమునకు అశ్వమని పేరు వచ్చినదందురు. అట్లయినచో మార్గమును వ్యాపించు ప్రతిదానిని అశ్వమనవలదా? యాస్కుడు ఆ ప్రశ్నను దాచలేదు. దానిని చెప్పి, పిదప జవాబు చెప్పెను. ఒకే పని చేయువారిలో కొందరికి ఆ పేరు నిలుచును, కొందరికి నిలువదు. కొయ్య చెక్కువారందరును తక్షులనబడరు, వడ్రంగికే ఆ పేరు కలదు. లోకములో మాట నడక అట్టిది అనెను. జవాబు మీకు నచ్చవచ్చును, నచ్చకపోవచ్చును. ఎదుటివాని ప్రశ్నను పూర్తిగా చెప్పి మరీ జవాబు చెప్పుటలో ఆ ఋషి మర్యాద యున్నది. ఆ మర్యాదను నేనొకనాడు తప్పితిని. ఆ సంగతి చివర చెప్పుదును.

పక్షుల పేళ్ళ విషయమున యాస్కుడు మరియొక మెలకువ చెప్పెను. కాక శబ్దము కాకి కూతకు అనుకరణము, పక్షుల పేళ్ళలో ఇట్టివి విస్తారము అని. కోడిపుంజునకు సంస్కృతమున కృకవాకువని యొక పేరు. దాని పూర్వభాగము కూతకు అనుకరణము, ఉత్తరభాగము వచధాతువునుండి వచ్చినది అని ఆతడు విడదీసెను. ఒకే మాటలో సగము ధ్వని, సగము ధాతువు. ఇంగ్లీషు కాక్ అనునదియు కూతకు అనుకరణమే యని ఆ దేశపు పండితులందురు. కోడి తన పేరు తానే కూసికొన్నది. దానికి ఏ పండితుడును అక్కరలేదు.

ఇక గార్గ్యుని ప్రశ్నను మన స్పాచ్‌కాకునకు వేయుదము. త్వరగా చేసినందుననే ఆ పేరు వచ్చినచో, త్వరగా చేయు ప్రతి వంటకమునకును అట్టి పేరుండవలదా? మన యిండ్లలో ప్రొద్దుపోయి చుట్టము వచ్చినచో ఇల్లాలు రవ్వ వేయించి ఉప్మా చేయును. దానికంటె వేగిరపు వంట యెక్కడిది? దాని పేరులో ఉప్పును పిండియు నున్నవి గాని వేగిరపాటు లేదు. ఇంతమాత్రమున గ్రోసుగారి మాట తప్పని తేలదు. పొందికగా నున్నంతమాత్రమున నిజమని గూడ తేలదని తేలును.

చిక్కు ఇక్కడనే పెరుగుచున్నది. ఇంగ్లీషులో స్పిచ్‌కాక్ అను వేరొక మాట యున్నది. ఇది కోడి కాదు. పామువలె పొడవైన మలుగుచేపను నిలువునా చీల్చియో ముక్కలు కోసియో నిప్పులపై కాల్చిన వంటకము. ఈ మాట 16వ శతాబ్దము చివరినాటికే వాడుకలో నుండెను. జాన్సను పండితుడు 1755లో ప్రకటించిన మహానిఘంటువున ఇది చోటు చేసికొన్నది. అనగా గ్రోసుగారి కోడి పుట్టుటకు సుమారు రెండువందల యేండ్ల ముందే ఈ చేప పుట్టినది. రెండు మాటలకును భేదము ఒక అచ్చుమాత్రమే. రెండు వంటకములలోను చీల్చుట కలదు, కాల్చుట కలదు. మరి చేపలో కాక్ ఏల వచ్చినది? చేపకు కూత లేదు, జుట్టు లేదు. కావున అక్కడి కాక్ మొదట కోడిపుంజు కాకపోవచ్చును. ఏదో యొక పాతమాట నోళ్ళలో నలిగి అట్లు వినబడి యుండవచ్చును.

ఇంగ్లీషు నిఘంటుకారులు ఇప్పటికిని దీనిని తేల్చలేదు. డిస్పాచ్ కాక్ అనుటయే మొదటి పక్షము. స్పిచ్‌కాక్ నుండి మారినదనుట రెండవది. మొదటి పక్షమునకు బలమేమన్న, మాటను మొట్టమొదట వ్రాసినవాడే ఆ యర్థము చెప్పెను. రెండవ పక్షమునకు బలమేమన్న, వయసు. నా బుద్ధికి తోచినది చెప్పుదును, ప్రమాణముగా గైకొనవలదు. చీల్చి కాల్చు వంటకమునకు స్పిచ్‌కాక్ అను పాతపేరు ముందే యుండెను. దానిని కోడికి తగిలించినపుడు, అందులో కోడిపుంజు ముందే కూర్చుండియున్నందున అది చక్కగా అమరినది. వండుటలోని వేగిరపాటును బట్టి జనులు దానిలో డిస్పాచ్ అను మాటను వినిరి. వినినదానికి తగినట్లు అచ్చును మార్చిరి. శరీరము పాతది, ప్రాణము క్రొత్తది.

ఇట్లు తెలియని మాటలో తెలిసిన మాటను వినుట లోకమున ఎల్లచోటులను గలదు. తెనుగు అను మాట త్రిలింగమునుండి వచ్చినదని మన పూర్వులు చెప్పిరి. కాళేశ్వరము, శ్రీశైలము, దాక్షారామము అను మూడు లింగముల నడిమి దేశమని ఎంత రమ్యముగా నున్నది! నేనును దానిని పిల్లలకు నేర్పితిని. తెన్ను అనగా దక్షిణమనియు, దానినుండి తెనుగు పుట్టినదనియు, త్రిలింగము దానికి పిదప తొడిగిన సంస్కృతవేషమనియు భాషాశాస్త్రజ్ఞులు పలువురు చెప్పుచున్నారు. విని మొదట నాకు కష్టము తోచినది. మూడు క్షేత్రములకు దీనివలన వచ్చిన లోపమేమియు లేదని పిదప సమాధానపడితిని.

దొరలును ఇట్లే చేసిరి. మన పందికొక్కు వారి నోట బాండికూట్ అయినది. ఇది తెలుగు మాటయే యని వారి నిఘంటువులే ఒప్పుకొనుచున్నవి. ఆ పేరును తీసికొనిపోయి ఆస్ట్రేలియాలో కడుపుసంచి గల వేరొక చిన్నజంతువునకు పెట్టిరి. అక్కడి పిల్లవాడు తన దేశపు జంతువును పిలుచుచు, తెలియకయే రెండు తెలుగు మాటలు పలుకుచున్నాడు.

వంటింటినుండి స్పాచ్‌కాక్ అను మాట వ్రాతబల్లమీదికి ఎక్కిన కథ యొకటి కలదు. ఇంగ్లీషులో ఇది క్రియగా గూడ మారినది. ఒకరి వ్రాతలోనో తన వ్రాతలోనో మధ్యను వేరొక వాక్యమును తొందరపాటుగా దూర్చుటకు ఆ క్రియను వాడుదురు. 1899 డిసెంబరు 15వ తేదీన దక్షిణాఫ్రికాలోని కొలెన్సో కడ బోయరులు జనరల్ బుల్లర్ అను ఇంగ్లీషు సేనానిని ఓడించిరి. విక్టోరియా క్రాసు పొందిన వీరుడాతడు. అప్పటికి లేడీస్మిత్ పట్టణమున జనరల్ వైట్ సేనతో ముట్టడిలో చిక్కియుండెను. ఓటమి పొందిన మరునాడు బుల్లర్ వైటునకు సందేశము పంపుచు, లొంగిపోవలసివచ్చినచో చేయవలసిన పనులను అందు సూచించెను. వైట్ ఆ మాట వినక నిలిచెను. 1900 ఫిబ్రవరి 28న ముట్టడి తొలగెను. పిదప పత్రికలలో ఈ సందేశమునుగూర్చి రచ్చ పుట్టెను. 1901 అక్టోబరు 10న బుల్లర్ ఒక విందులో లేచి తన్ను తాను సమర్థించుకొనబోయి, లొంగిపోవుటను గూర్చిన ఆ వాక్యమును తాను సందేశపు నడుమ స్పాచ్‌కాక్ చేసితినని ఆ మాటతోనే చెప్పెను. ఆ నెలలోనే ఆతని పదవి పోయినది. ఓడినందుకు పోని పదవి మాటలాడినందుకు పోయినది. ఆతడేమి చెప్పదలచెనో గాని, చదివినవారికి వంటవాని కత్తి కనబడినది.

ఈ యర్థమునకు మన శాస్త్రములో చక్కని మాట కలదు, ప్రక్షిప్తమని. పురాణ కాలక్షేపము వినిన మీకు ఈ మాట క్రొత్తది కాదు. వ్రాయసకాండ్రు తాటాకుపై ఎక్కించునపుడు తమకు తోచిన శ్లోకమును నడుమ దూర్చుట, పిమ్మటివారు దానిని మూలమని వల్లించుట. పూనాలోని భండార్కరు ప్రాచ్యపరిశోధనాలయమువారు మహాభారతమునకు వేయికి పైగా వ్రాతప్రతులను చేర్చి, సరిచూచి, ఏది పాతది, ఏది దూర్చినది యని విడదీయుటకు 1919లో పూనుకొని 1966లో ముగించిరి. మనవైపు వేమన్న పద్యములకు ఈ బాధ మిక్కిలి. మకుటము సిద్ధముగా నున్నది. పై మూడు పాదములు ఎవడైనను కట్టవచ్చును. బ్రౌనుదొర 1829లో వానిని ఏర్చి అచ్చువేసిన నాటినుండి నేటివరకు, ఏది వేమన్నది, ఏది వేమన్న పేర ఎవడో దూర్చినది అను తగవు తెగలేదు. మీ యూరి రచ్చబండమీద గూడ ఒకటి రెండు పుట్టియుండవచ్చును.

ఇక నేను మొదట చెప్పుదునన్న సంగతి.

హాబ్సన్ జాబ్సన్ అని యొక ఇంగ్లీషు నిఘంటువు కలదు. హిందూదేశమున దొరలు వాడిన దేశీయ పదములకు అది కోశము. హెన్రీ యూల్, ఆర్థర్ బర్నెల్ అను నిరువురు కూర్చిరి. బర్నెల్ మన మద్రాసు రాజధానిలో ఉద్యోగి, సంస్కృతము చదివినవాడు, తంజావూరి రాజభవనమునందలి సంస్కృత వ్రాతపుస్తకములకు పట్టిక కూర్చినవాడు. 1882లో, నలుబది రెండేండ్లకే గతించెను. పుస్తకము 1886లో వెలువడినది. దాని పేరే యొక వినోదము. పీర్ల పండుగనాడు మహమ్మదీయులు రొమ్ము బాదుకొనుచు యా హసన్, యా హుసేన్ అని శోకించుట మీకు తెలియును. ఆ శోకము ఇంగ్లీషు సిపాయిల చెవికి హాబ్సన్ జాబ్సన్ అని, అనగా తమ యూరి ఇద్దరు మనుష్యుల పేళ్ళవలె, వినబడినది. తెలియని మాటలో తెలిసిన మాటను వినుటకు ఇంతకంటె మేలైన ఉదాహరణము లేదని దానినే పుస్తకమునకు పేరుగా పెట్టిరి.

ఆ పుస్తకమున సడెన్ డెత్, అనగా ఆకస్మిక మరణము, అను మాటకు ఒక యర్థము వ్రాయబడియున్నది. డాకు బంగళాలలో బాటసారికి వడ్డించు స్పాచ్‌కాకునకు దొరలు పెట్టిన హాస్యపు పేరది. దొర బంగళా ఆవరణలో అడుగుపెట్టునప్పటికి కోడి పెరటిలో తిరుగుచుండును. ఆయన స్నానముచేసి బట్టలు కట్టుకొని వచ్చునప్పటికి బల్లమీద నుండును. అందుకే ఆ పేరు.

1986వ సంవత్సరమున నేను నల్లగొండ జిల్లాలో ఒక పల్లెబడిలో తెలుగు పండితుడను. ఇంగ్లీషు చెప్పు నుపాధ్యాయుడు సెలవు పెట్టగా తొమ్మిదవ తరగతి పిల్లలను నాకప్పగించిరి. నాకు ఇంగ్లీషు పాఠము చెప్పు శక్తి లేదు. గ్రంథాలయమున క్రొత్తగా చదివిన ఈ మాటల కథ చెప్పి గంట గడుపుదమనుకొంటిని. డిస్పాచ్ కాక్ అనుటయే నిశ్చయమని నల్లబల్లపై వ్రాసితిని. మలుగుచేప సంగతి నాకప్పుడు తెలిసియుండియు, కథ చెడునని చెప్పనైతిని. పిదప సడెన్ డెత్ చెప్పితిని. పిల్లలు విరగబడి నవ్విరి. నాకును మిక్కిలి సంతోషము కలిగినది.

వెనుక వరుసలో నొకడు నవ్వలేదు. లేచి నిలుచుండి, "ఆ కోడి ఎవలది సారూ?" అని యడిగెను.

మాటకు అర్థము చెప్పుచుండగా కోడి యజమానిని అడుగుదువా, కూర్చుండుమంటిని. తరగతి మరల నవ్వినది, ఈ సారి వానిని చూచి. వాడు రెండు దినములు బడికి రాలేదు. మూడవనాడు సాయంకాలము నేను వాని యింటికి పోతిని. పిల్లవాడు చేనికి పోయియుండెను. వాని అవ్వ అరుగుమీద కూర్చుండి చింతపండు గింజ తీయుచుండెను. ఏమవ్వా, మనుమడు బడికేల రాడంటిని. ఆమె దానికి జవాబు చెప్పలేదు. కోడి ముచ్చట పిల్లడు నాకు చెప్పిండు అని మొదలుపెట్టినది. ఆమె మాటలను నేను ఇంటికి వచ్చి వ్రాసికొంటిని. గ్రాంథికములోనికి మార్చుటకు నాకు మనసొప్పదు.

"తాలూకదారు వచ్చిండంటె, అమీను వచ్చిండంటె, ఊరిబయటి బంగళల దిగేటోళ్ళు పంతులూ. సుంకరి ముందుగాల ఉరికొచ్చి ఇండ్లపొంటి తిరిగేటోడు. పొద్దుగూకకముందె కోళ్ళను కమ్మి, గంప మీద రాయి పెట్టేటోళ్ళం. వాడు రాయి తీసి గంప లేపేటోడు. పుంజు దొరికితె పుంజు, పెట్ట దొరికితె పెట్ట. ఒకపారి మా అమ్మ పొదుగవెట్టిన పెట్టనే పట్కపోయిండు. పన్నెండు గుడ్లు. నేను శిన్నదాన్ని. వాటి మీద అరశేతులు పెట్టి రాత్రంత కూసున్న. సల్లబడ్డయి."

డబ్బు ఇచ్చెడివారు కారా యని యడిగితిని. ఆమె నవ్వి, మరల చింతపండు చేతబట్టినది.

యూల్, బర్నెల్ వ్రాసిన బంగళా దొరల బాటలమీదిది. అవ్వ చెప్పిన బంగళా నిజాము రాజ్యములోనిది. రెండింటిని ఒకటి చేయుట తగదు. అయినను రెండింటిలోను పెరడు కలదు, కోడి కలదు. నిజాము రాజ్యమున అధికారులు పల్లెలకు వచ్చినపుడు కోళ్ళు, గ్రుడ్లు, కట్టెలు, చాకిరి ఉచితముగా లాగుకొనుట వెట్టిలో భాగమై యుండెను. దానిని మాన్పుటకు 1921లో పుట్టిన ఆంధ్రజనసంఘమును, 1930లో జోగిపేటలో తొలిసారి సమావేశమైన ఆంధ్రమహాసభయు పాటుపడినవి. 1948 సెప్టెంబరులో నిజాము పాలన ముగిసినది. ఈ చరిత్రమును నేను పాఠములో చెప్పినవాడనే. ఆ కోడి గంప క్రిందినుండి పోయినదన్న సంగతి మాత్రము నా నిఘంటువునకు తట్టలేదు, నాకును తట్టలేదు.

లేవబోవుచు, అలవాటు చొప్పున, ఆ వంటకమునకు వారేమని పేరు పెట్టిరి అవ్వా యని యడిగితిని. "వాళ్ళేం వండుకున్నరో, ఏమని తిన్నరో మాకేమెరుక పంతులూ? మాకు గంప ఎరుక" అన్నది.

మరునాడు వాడు బడికి వచ్చెను. తరగతిలో వానిని నిలువబెట్టి, నీ ప్రశ్నకు జవాబు మీ అవ్వ చెప్పినది, నేను చెప్పలేకపోతిని అంటిని. నల్లబల్లపై స్పిచ్‌కాక్ గూడ వ్రాసి, ఈ రెండింటిలో ఏది తల్లియో తేలలేదని చెప్పితిని. వాడు తల వంచుకొనెను. సంతోషించెనో, సిగ్గుపడెనో నాకు తెలియరాలేదు.

శ్రోతలలో ఏడుపదులు, ఎనిమిదిపదులు దాటినవారున్నచో ఒక్క మనవి. మీ యూరి బంగళాను మీవారేమని పిలిచిరి, కోడిని పట్టుకపోవువానికి పేరేమి, అట్లు పోయిన కోడికి, గ్రుడ్లకు, పాలకు ఏమైన మాట వాడుకలో నుండెనా? వ్రాయుట కష్టమైనచో మనుమనిచేత వ్రాయించి ఈ కేంద్రమునకు పంపుడు. మీరు పలికినట్లే వ్రాయింపుడు. నాకొరకై గ్రాంథికములోనికి మార్పింపవలదు.